విమానంలో బూడిద రంగు నిషేధం

మా బావ మార్కండేయకు ఎదుటి మనిషి ముఖం కన్నా ముందు చొక్కా కనిపిస్తుంది. కనిపించి ఊరుకోదు. ఆ చొక్కా అంచును రెండు వేళ్ళ మధ్య పట్టి నలిపి, అది ఏ బట్టో, ఎన్ని ఉతుకులకు ఆగుతుందో, అది తొడుక్కుని ఎక్కడికి వెళ్ళొచ్చో, ఎక్కడికి వెళ్ళకూడదో చెప్పేదాకా ఆయనకు అన్నం సహించదు. పెళ్ళికేది, పంచాయితీకేది, రైలుకేది, దవాఖానకేది, అన్నిటికీ ఆయన దగ్గర ఒక రూలు ఉంది. అడిగితే చెబుతాడు. అడక్కపోతే ఇంకాస్త వివరంగా చెబుతాడు.

సూరత్‌లో ఇద్దరిదీ ఒకే గల్లీ, ఊరి బయట పల్సానాలో ఒకే బట్టల మిల్లు. నేను ఆఫీసులో చలాన్లు రాస్తాను. ఆయన ఫోల్డింగ్ ఖాతాలో, అంటే బట్ట మడతపెట్టే విభాగంలో, చెకర్. అచ్చు వేసి వచ్చిన బట్టను బల్ల మీద నడిపిస్తూ మరకలు, తెగిన పోగులు పట్టుకోవడం ఆయన పని. తప్పు లేనిది ‘ఫ్రెష్’, తప్పున్నది ‘సెకండ్’. ఇరవై ఆరేళ్ళుగా ఈ రెండు మాటలనూ ఆయన మిల్లు గేటు దగ్గర వదిలి రాలేదు. మా అక్క సుభాషిణిని పెళ్ళిచూపుల్లో చూసి బయటికొచ్చినప్పుడు, పిల్ల ఎట్లుందని వాళ్ళ నాన్న అడిగాడట. చీర సెకండు, కొంగు దగ్గర రెండు పోగులు తెగినయి అన్నాడట మా బావ. చీర కాదురా, పిల్ల సంగతి అంటే, పిల్లను ఇంకోసారి చూడాలె అన్నాడట. ఆ కోపం మా అక్కకు ఈ రోజుకీ చల్లారలేదు.

కరోనా వచ్చి మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగుల దూరం పెట్టినప్పుడు మా బావ పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. ఆరడుగుల దూరం నుంచి బట్టను నలపడం ఎవరి తరం? కళ్ళు చికిలించి చూసేవాడు, అంచనా వేసేవాడు, తృప్తి పడేవాడు కాదు. ఒకరోజు పాలు కొనుక్కుని వస్తున్న మమ్మల్ని పోలీసు నాకా దగ్గర కానిస్టేబుల్ ఆపాడు. లాఠీ పైకి లేచింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. మా బావ రెండడుగులు ముందుకు వేసి, ఆయన చొక్కా చేతిని పట్టి నలిపి, సాబ్, ఇంత ఎండలో ఇంత పాలిస్టరా, లోపల పలచటి నూలు బనీను వేయకపోతే సాయంత్రానికి ఒళ్ళంతా చెమటకాయలు లేస్తాయని హిందీలో చెప్పాడు. లాఠీ గాల్లోనే ఆగిపోయింది. ఆ తర్వాత అరగంట సేపు ఆ కానిస్టేబుల్ తనకు బనీన్లు ఎక్కడ దొరుకుతాయో అడుగుతూనే ఉన్నాడు. నా చేతిలో పాల ప్యాకెట్లు వేడెక్కుతూనే ఉన్నాయి.

ఆ ఏడాది జూలైలో లింగమూర్తన్న పోయాడు. మా మిల్లువాడే, మా ఎదురింటివాడే, మా బావకు చిన్నప్పటి దోస్తు. తొమ్మిది రోజులు దవాఖానలో ఉన్నాడు. మమ్మల్నెవర్నీ లోపలికి రానివ్వలేదు. ఈ మాటలు రాయడానికి నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

ఆయన భార్య చిన్నవ్వక్క ఇంట్లో కూచుని చీరలకు మెరుపు రాళ్ళు అంటించే పని చేస్తుంది. గల్లీ మొత్తంలో బట్టల విషయంలో మా బావకు ఎదురు చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే. ఆయన నెమలికంఠం రంగంటే, కాదన్నా, సముద్రపు పచ్చ అనేది. ఆయన కనకాంబరం అంటే, ఎండలోకి తెచ్చి చూసి మాట్లాడమనేది. ఇద్దరూ వీధిలో నిలబడి ఒక చీర ముక్క కోసం గంటసేపు వాదించుకునేవారు. లింగమూర్తన్న గడప మీద కూచుని ఇద్దరికీ వంత పాడేవాడు.

ఆయన పోయాక చిన్నవ్వక్క రెండు బూడిద రంగు చీరల్లోకి మారిపోయింది. ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద. సంవత్సరీకం అయిపోయింది, ఆ తర్వాత ఇంకో నాలుగు నెలలూ అయిపోయాయి, ఆ రెండు చీరలు మాత్రం మారలేదు. రోజంతా ఆమె ఒళ్ళో గులాబీ, నారింజ, చిలకపచ్చ చీరలు మెరుస్తుండేవి, ఆమె మాత్రం అట్లాగే ఉండేది. ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం లేదు. లింగమూర్తన్న అక్క గంగవ్వ పెద్దమ్మ ఆ ఇంట్లోనే ఉంటుంది. ఇరవై రెండేళ్ళకే భర్త పోయి, నలభై రెండేళ్ళుగా అదే రంగులో బతికిన మనిషి. మంచి మనిషి. గల్లీలో ఎవరికి జ్వరమొచ్చినా మొదట గంజి పంపేది ఆమే. కానీ ఆమె ఎదురుగా కూచుంటే ఇంకో రంగు చీర కట్టాలని ఎవరికీ తోచదు.

ఒకరోజు మా బావ మిల్లు నుంచి ఒక కొత్త రంగు ముక్క తెచ్చి, ఇదేం రంగో చెప్పు చెల్లె అని అడిగాడు. చిన్నవ్వక్క దాన్ని చేత్తో కూడా ముట్టుకోకుండా, “రంగుల సంగతి నాకిప్పుడేం ఎరుకన్నా” అంది. ఆ రాత్రి బావ అన్నం తినలేదు. నేను అజీర్తి అనుకున్నాను. నా తెలివి అంతే.

రెండో ఏడు దీపావళికి మా మిల్లు సేఠ్‌కు ఎందుకో మనసు కరిగింది. కరోనాలో ఊళ్ళకు పారిపోకుండా నిలబడ్డ పాత పనివాళ్ళకు, ఇంటికి రెండేసి టికెట్లు, గోవాకు నాలుగు రోజులు, రానూపోనూ విమానం అన్నాడు. లింగమూర్తి ఇంటికీ ఇవ్వమన్నాడు. చిన్నవ్వక్క రానంది. గంగవ్వ పెద్దమ్మే పట్టుబట్టింది. “నా తమ్ముని పేరు మీద వచ్చిన టికెట్టు. పోకుంటే వాని కష్టం ఉత్తగనే పాయె. పోదాం, ఓ మూలకు కూసుందాం, వద్దాం” అంది. చిన్నవ్వక్క సరేనని సంచి తెచ్చి, దండెం మీది బూడిద చీర మడిచి అందులో పెట్టుకుంది. మా అక్క వచ్చి ఈ సంగతి చెప్పింది. బావ విన్నాడు.

మర్నాటి నుంచి మొదలయ్యాయి విమానం రూళ్ళు.

మా బావ విమానాన్ని దగ్గర నుంచి చూసింది ఎప్పుడూ లేదు. కానీ విమానంలో ఏం కట్టాలో ఆయన చెబుతుంటే, పైలట్ కూడా లేచి బట్టలు మార్చుకుని వచ్చేవాడు. బెల్టు వద్దు, బిళ్ళ మోగుతుంది. లేసుల బూట్లు వద్దు, విప్పమంటారు. లుంగీ అసలే వద్దు, పైన గాలి ఎటు నుంచి వస్తుందో తెలియదు. లోపల చలి కాబట్టి రెండు బనీన్లు. చీరలకు పిన్నులు నిషేధం. ఇక్కడ మా అక్క అడ్డం తిరిగింది. పిన్ను లేకపోతే, నేను గోవాలో దిగేటప్పుడు చీర నాతోనే దిగుతుందా, వేరే విమానంలో వస్తుందా అని అడిగింది. ఆ రూలును మరుసటి రోజు సవరించారు.

ఆదివారం రిహార్సల్ పెట్టాడు. మా ఇంటి గుమ్మమే సెక్యూరిటీ గేటు. బావ చేతిలో పప్పు గరిటె. ఒక్కొక్కరూ చేతులు చాపి గుమ్మంలోంచి రావాలి, ఆయన గరిటెను ఒంటి చుట్టూ తిప్పుతూ, ఇనుము కనిపించిన చోట నోటితో ‘కుయ్’ మని మోగాలి. రంగు ఖాతాలో పనిచేసే బక్కయ్య పాపం నాలుగుసార్లు మోగాడు. మొలతాడుకు తాళంచెవి, జేబులో సున్నం డబ్బీ, చేతికి కడియం, నాలుగోసారి ఎందుకు మోగాడో ఎవరికీ అంతుపట్టలేదు. గరిటెకు అంటిన పప్పు మాత్రం ఆయన చొక్కాకు అంటింది. మార్చుకుని రమ్మన్నాడు బావ.

చివరికి అసలు రూలు వచ్చింది. విమానంలో మాసిన రంగులు కట్టకూడదు. బూడిద, తెలుపు, పొగ రంగు పూర్తిగా బంద్. కళ్ళకు కొట్టొచ్చే రంగు కట్టాలి. ఎందుకని బక్కయ్య అడిగాడు. ఖర్మ కాలి విమానం సముద్రంలో దిగితే, పై నుంచి వెతికేటోనికి మనిషి కనపడాలె అన్నాడు బావ. అంతేకాదు, సీట్లు కూడా బూడిద రంగువే, అందులో బూడిద చీర కట్టుకుని కూచుంటే ఖాళీ సీటనుకుని ఇంకొకరు వచ్చి ఒళ్ళో కూచుంటారు.

గంగవ్వ పెద్దమ్మ కళ్ళు చిట్లించింది.

“గీ రూలు ఎవలు పెట్టిన్రు?”

“సర్కార్.”

“ఏ సర్కార్? గుజరాత్‌దా, ఢిల్లీదా?”

“భూమ్మీద సర్కార్ వేరు, గాలిలోది వేరు అక్కా.”

ఇంకో కాలంలో అయితే ఈ మాటకు మా గల్లీ అంతా నవ్వేది. కానీ అవి రోజుకో రూలు వచ్చే రోజులు. ఇవాళ మూతికి ఒక గుడ్డ చాలన్నారు, రేపు రెండన్నారు. కూరగాయలను సబ్బుతో కడిగాం. పళ్ళేలు మోగించాం. అట్లాంటి రోజుల్లో సర్కార్ బూడిద రంగును నిషేధించిందంటే నమ్మకపోవడానికి కారణమేముంది? అయినా పెద్దమ్మ గట్టిది. బావ ఫోన్లో ఇంగ్లీషు కాగితం ఒకటి చూపిస్తే, దాన్ని లాక్కుని నా చేతిలో పెట్టింది. “మల్లేశా, నువ్వు సదువుకున్నోనివి. ఉన్నదా?”

చదివాను. మాస్కుల గురించి ఉంది, దూరం గురించి ఉంది, చేతులు కడుక్కోవడం గురించి రెండు పేజీలుంది. రంగు మాట ఎక్కడా లేదు. తలెత్తి చూస్తే బావ నా వైపే చూస్తున్నాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు గానీ, ఆయన ఇంటి అన్నం ఏడేళ్ళు తిన్నవాణ్ణి. ఉంది పెద్దమ్మా అన్నాను. అని, నా మీద నాకే చిరాకు పుట్టింది. విమానమెక్కకముందే ఇంత బడాయి అవసరమా, అబద్ధమాడి మరీ పెద్దరికం చేయాలా అని బావ మీద కూడా కోపం వచ్చింది. మూడు రోజులు మాట్లాడలేదు. ఆయన గమనించలేదు.

పెద్దమ్మ మాత్రం ఒక మాట తేల్చి చెప్పింది. సర్కార్ అయితే ఏంది, యముడైతే ఏంది, తాను మాత్రం ఈ చీర మార్చదట. బావ క్షణం ఆలోచించి, అరవై దాటినోళ్ళకు రూలు లేదన్నాడు. టీకాలప్పుడు కూడా అరవై దాటినోళ్ళది వేరే లైనే కదా. పెద్దమ్మ నమ్మింది. చిన్నవ్వక్కకు నలభై ఆరు. “ఏం చేస్తం మరి, రూలంట” అని పెద్దమ్మే అటు తిరిగి చెప్పింది.

బయల్దేరిన రోజు మమ్మల్ని చూడాల్సింది. బక్కయ్యది గులాబీ రంగు చొక్కా, పైన మంకీ క్యాపు. ఆయన భార్యది పసుపు చీర. మా అక్కది మిరపపండు ఎరుపు. నాకు బావ తానే కుట్టించి తెచ్చిన చిలకపచ్చ చొక్కా, నేనేం పాపం చేశానో ఆయనకే తెలియాలి. బావది నారింజ. మా మధ్యలో చిన్నవ్వక్క, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు, నెమలికంఠం రంగు చీరలో నడుస్తోంది. సముద్రపు పచ్చ కూడా కావచ్చు. మేమంతా అంత ఘోరంగా ఉన్నాం కాబట్టి ఆమెను ప్రత్యేకంగా ఎవరూ చూడలేదు.

విమానాశ్రయంలోకి అడుగు పెట్టగానే గండం ఎదురైంది. అక్కడున్న వాళ్ళంతా నలుపు, తెలుపు, బూడిద. పెద్దమ్మ ఆగిపోయింది. వీళ్ళకు లేదా రూలు అంది. నేను తల వంచుకుని నా పచ్చ చొక్కా గుండీలు చూసుకున్నాను. బావ నడక ఆపకుండానే చెప్పాడు, “వాళ్ళు రోజూ ఎక్కేటోళ్ళక్కా. మనం కొత్తోళ్ళం. బండి నేర్చుకునేటోనికి ఎల్ బోర్డు ఉండదా, ఇది గసొంటిదే.” పెద్దమ్మ నా చొక్కా వంక చూసి, నిజమే, బోర్డు లెక్కనే ఉన్నదని ఒప్పుకుంది.

లోపల సీట్లు మిల్లు ఆఫీసులో ఎవరో ఎట్లా పడితే అట్లా వేయించారు. కిటికీ దగ్గర బావ, మధ్యలో చిన్నవ్వక్క, ఈ చివర పెద్దమ్మ. దారికి అవతల నేనూ అక్కా. ఆ కిటికీ సీటు కోసం బావ మా అక్కతో నెల రోజులు పోట్లాడాడు. కూచోగానే ముక్కు అద్దానికి ఆనించి, రెక్కకు వేసిన రంగు ఎక్కడ లేచిపోయిందో వెతకడం మొదలుపెట్టాడు.

అప్పుడొచ్చింది విమానం అమ్మాయి. మధ్య సీటు వాళ్ళకు రెండు వైపులా మనుషులుంటారు కాబట్టి, వాళ్ళు ఒళ్ళంతా కప్పే గౌను వేసుకోవాలట. ఇది మాత్రం నిజంగా రూలే. మా బావ కల్పించింది కాదు. చిన్నవ్వక్క చేతిలో ఒక కవరు పెట్టి వెళ్ళింది. విప్పితే తెల్లటి గౌను, మెడ నుంచి మోకాళ్ళ దాకా.

పెద్దమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. “గదిగో, దేవుడే పంపిండు. కప్పుకో బిడ్డా” అంది. కోపంతో అన్నది కాదు, నిజంగానే ఊరట పడింది. చిన్నవ్వక్క ఒళ్ళో ఉన్న నెమలికంఠం రంగు మీద చేయి ఒకసారి ఉంచి, తీసి, గౌను మడతలు విప్పసాగింది. ఉదయం నుంచి ఆమె ముఖంలో మెల్లగా వచ్చిన వెలుగు అట్లాగే పోవడం నేను చూశాను. అప్పటిదాకా నాకు అర్థం కాని సంగతి ఆ క్షణంలో అర్థమైంది. బావ వైపు చూశాను.

బావ అప్పటికే లేచి నిలబడ్డాడు, తల పైనున్న సామాన్ల అరకు కొట్టుకుంది. “చెల్లె, నువ్ జర ఇటు కూసో. నాకు కిటికీ పడ్తలేదు, కండ్లు తిరుగుతున్నయి” అన్నాడు. విమానం ఇంకా నేల మీదే ఉంది.

సీట్లు మారారు. గౌను బావ చేతికొచ్చింది. అలవాటు కొద్దీ రెండు వేళ్ళతో నలిపాడు, ముఖం వికారంగా పెట్టాడు. అది నేసిన బట్ట కాదు. పడుగు లేదు, పేక లేదు, పీచును ఒత్తి అంటించిన అట్ట. తాతల నాటి నుంచి మగ్గం మీద బతికిన ఇల్లు మా బావది. నేయని గుడ్డ ఒంటికి తగలనివ్వనని, ఆ రెండేళ్ళలో బజారు మాస్కు ఒక్కటి కూడా పెట్టుకోలేదు, నూలు ముక్కలతో అక్క చేత కుట్టించుకున్నాడు. అట్లాంటి మనిషి కళ్ళు మూసుకుని ఆ గౌనులో చేతులు దూర్చాడు. ముందుది వెనక్కి వచ్చింది. విప్పి మళ్ళీ దూర్చాడు. చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి, పొట్ట దగ్గర చిరిగింది, నాడాలు అందలేదు. మంగలి ముందు కూచున్నట్టు మెడ దాకా తెల్లగుడ్డతో, చేతులు ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుని కూచున్నాడు.

చిన్నవ్వక్క ఆయన్ని పైనుంచి కింది దాకా చూసింది. చెయ్యి చాపి, ఆ గౌను అంచును రెండు వేళ్ళ మధ్య పట్టి నలిపింది.

“అన్నా, ఇది సెకండ్” అంది.

అని నవ్వింది. మాస్కు వెనకాల, ముఖానికి అడ్డం పెట్టుకున్న ప్లాస్టిక్ అద్దం వెనకాల, భుజాలు ఊగేటట్టు నవ్వింది. పదహారు నెలల తర్వాత ఆ నవ్వు విన్నాం. మా అక్క ముక్కు చీదుకుంటూ, నా చొక్కా చేతితోనే కళ్ళు తుడుచుకుంది. విమానం లేచింది, బక్కయ్య ఎక్కడో వెనక దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచాడు.

ఆ సాయంత్రం గోవాలో సముద్రం ఒడ్డున బావను పట్టుకుని నిలదీశాను. ఒక్క చీర కోసం నలభై రూళ్ళు కల్పించాలా అని అడిగాను. ఆయన ఇసుకలో కాళ్ళు చాపుకుని, “ఒక్క రూలే పెడితే గంగవ్వక్కకు దొరికిపోతం రా మల్లేశా. నలభై పెడితే, అండ్ల ఏది ఎవలి కోసమో ఎవలికీ తెల్వది” అన్నాడు. మూడు రోజులు మాట్లాడనందుకు నన్ను క్షమించమన్నాను. ఎప్పుడు మాట్లాడలేదని అడిగాడు.

మిగిలిన రోజులన్నీ చిన్నవ్వక్క రంగు చీరలే కట్టింది. గోవాలో కూడా రూలు ఉంటుందా అని పెద్దమ్మ అడగలేదు. మేమూ చెప్పలేదు. పెద్దమ్మ ఒడ్డున కూచుని అటూ ఇటూ పోయేవాళ్ళ బట్టలు చూస్తూ ఉండేది.

తిరిగి వచ్చే రోజు పొద్దున అందరి సామానూ మా గదిలో పెట్టుకుని సర్దుతుంటే పెద్దమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు. కొంగు సర్దుకుంది, గోడకు ఆనుకుంది, పోయేటప్పుడు కూడా రూలు ఉంటదా అని అడిగింది. ఉంటది అన్నాడు బావ. పెద్దమ్మ మళ్ళీ కొంగు సర్దుకుంది.

“అరవై దాటినోళ్ళకు రూలు గిట్ల మారిందేమో, ఓసారి ఆ కాయితం చూడరాదు?”

బావ ఫోను తీశాడు. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. మార్కండేయ సదువు నేను నమ్మ, మల్లేశనికియ్యి అంది.

ఫోను నా చేతికొచ్చింది. అవే మాస్కులు, అదే దూరం, అవే చేతులు కడుక్కునే రెండు పేజీలు. నేను వేలితో పైకీ కిందికీ జరుపుతూ చాలా జాగ్రత్తగా చదివాను. మారింది పెద్దమ్మా, నిన్ననే మార్చిన్రు అన్నాను. ఏ రంగు రాసుందని ఆమె అడిగింది. నేను కాగితం చూడలేదు, ఆమె కళ్ళు చూశాను. అవి గది మూలన చిన్నవ్వక్క మడిచి పెట్టిన బట్టల దొంతరలో, పై నుంచి మూడో చీర మీద ఉన్నాయి.

“నిమ్మపండు రంగు అని రాసుంది.”

“సర్కార్ చెప్పినంక తప్పుతదా” అంది గంగవ్వ పెద్దమ్మ. లోపలికొచ్చి ఆ మూడో చీర తీసుకుని, బట్టలు మార్చుకోవడానికి పోయింది.